పెనుకొండ షూటింగులో అన్నదమ్ములు

ధర్మవరం,
12-2-2001.

అక్కా,

బావగారు నీకు చెప్పి ఉండరని రాస్తున్నాను. పెనుకొండలో పాతకాలపు పట్టు వర్తకుల పోటీ మీద సినిమా తీస్తున్నారు. అంగళ్లు వేరుపడినప్పటి నుంచి మాటల్లేని మన ఇద్దరి మొగుళ్లనూ, సంగతి తెలియక, వర్తకుల వేషాలేసి పక్కపక్కనే కూర్చోబెట్టారట. అవార్డులు పొందిన ఆ సినిమా హీరోయిన్ మా ఆయన్ను అడిగిందట, “పక్కనున్నాయన అచ్చం మీలాగే ఉన్నారే, ఎవరు?”

ఈయన తల వంచుకుని, “మా అన్న మేడమ్. నాకు యాపారం నేర్పిండేది ఆయనే” అన్నారట. బావగారు తన టీ గ్లాసు ఈయనకిచ్చి, “తాగప్పా, చల్లారిపోతాది” అన్నారట.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఒకటే అడుగుతున్నారు: “ఆదివారం హిందూపురం పోదామా? అన్న రానిస్తాడంటావా?”

బావగారిని కనుక్కుని రాయి. అడగలేకపోతే నలుగురికి ఎక్కువ వండు, పిల్లలతో వచ్చేస్తాం.

నీ చెల్లెలు