పాత తలుపు, కొత్త గోడ

1వ తేదీ, ఉదయం 6.00
ప్రార్థన అయింది. ఒట్టు కూడా పెట్టుకున్నాను. నాన్న పోయాక మూతపడిన కొట్టును ఈ నెలలో బాగుచేయిస్తాను. కొత్త వస్తువు ఒక్కటీ కొనను. ఉన్న డబ్బు కూలీలకే సరి.
ముప్పయ్యో తేదీకి చెల్లి కుట్టుపని చేసే అద్దె గది ఖాళీ చేయాలి. అప్పటికి ఇక్కడ చోటు లేకపోతే నాలుగు మిషన్లూ అమ్మేసి, ఇదివరకు కూలికి కుట్టిన పాత ఓనరు దగ్గరికే పనికి పోతుంది. పోనివ్వను.
సరుకు: కూల్చేసిన ఆసుపత్రి తలుపు. మూసేసిన బడి బల్లలు, ఆరు. నాన్న అరలు. చాలు!

4వ తేదీ
దేవుడి దయ. బల్లలు కలిపితే బట్ట కత్తిరించే టేబుల్ అయింది. ఒక పలక మీద ‘లెక్కల సారు దెయ్యం’ అని చెక్కి ఉంది. చిత్రిక పట్టిస్తానన్నాను.
“ఉండనీ అక్కా. బేరమాడేవాళ్ళని అక్కడ కూర్చోబెడతా,” అంది చెల్లి.

7వ తేదీ, మధ్యాహ్నం
తలుపు పట్టలేదు!
తలుపును నేను కొలిచాను. ద్వారాన్ని తమ్ముడు కొలిచాడు. ఇద్దరమూ మూరలతోనే. వాడు నాకన్నా పొట్టి అని తెలుసు. వాడి మూరా పొట్టిదేనని తట్టలేదు.
“తలుపు కోయించేద్దామమ్మా,” అన్నాడు మేస్త్రి.
“అంత మంచి టేకునా? గోడ కొట్టు.”

9వ తేదీ
గోడ కొట్టాడు. ఒక ఇటుకను పిలిస్తే పది వచ్చాయి. ఇటుకలు మళ్ళీ పేర్చవచ్చు. సిమెంటు?
“పాతది ఎక్కడైనా దొరుకుతుందా?” అని అడిగాను.
మేస్త్రి నా ముఖంలోకి చూశాడు. “ఎందుకు దొరకదమ్మా, ప్రతి గోడలోనూ ఉంది.”
కొత్త బస్తాలు రెండు. సిమెంటు వస్తువు కాదు, పిండి. ఒట్టు చెడలేదు.

13వ తేదీ
పాత మేకుల వంకర తీస్తూ రెండు రోజులు కూర్చున్నాను. ఆ వంకర నా నడుముకు వచ్చింది. మేకులు కొత్తవే తెచ్చాను. గోడలోకి పోయాక కనబడవు. కనబడనిది లెక్కలోకి రాదు.
కరెంటు వైరు కొత్తది. ప్రాణంతో పంతమేమిటి?

19వ తేదీ
నాన్న అరలు కదిలిస్తే చేతిలో పొడి అయ్యాయి. లోపలంతా చెద.
“పొడి దాచమంటావా అక్కా?” అన్నాడు తమ్ముడు.
“నోర్మూసుకో.”
సాయంత్రం ప్రార్థనలో క్షమాపణ చెప్పుకున్నాను. వాడికి చెప్పలేదు. కొత్త అరలు తెప్పించాను.

24వ తేదీ, సాయంత్రం 5.00
తలుపు ఎక్కింది! తోశాను. లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. స్ట్రెచర్ల కోసం చేసిన తలుపు. ఊగడమే దాని పని. తాళానికి చోటే లేదు.
తమ్ముడు నవ్వాడు. చెల్లి నవ్వలేదు.
“అక్కా, నాలుగు మిషన్లు దీని వెనక వదిలేసి ఇంటికెలా రాను? పాత ఓనరు పనికి రమ్మని నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. సరే అననా?”
“అనకు.”

25వ తేదీ
ఇనుప తలుపు కొన్నాను. కొత్తది. చట్రంతో సహా. సాకు ఏమీ రాయడం లేదు.
మామూలు సైజు. కొట్టకముందున్న ద్వారానికి అతికినట్టు సరిపోయేది. కొట్టిన గోడను మేస్త్రి మళ్ళీ కట్టాడు, నోరు మెదపకుండా. మర్యాదస్తుడు.

30వ తేదీ
నాలుగు మిషన్లూ వచ్చాయి. రంగు ఆరకముందే ఒకావిడ జాకెట్టు వదులు చేయమని వచ్చింది. పాత ఓనరు నుంచి ఫోన్ వచ్చింది. చెల్లి ఎత్తలేదు. “సూదిలో దారం ఎక్కిస్తున్నా, చేతులు ఖాళీ లేవు,” అంది. దారం ఎప్పుడో ఎక్కింది. నేను చూశాను.

2వ తేదీ, ఉదయం 6.00
చెల్లికి బడి యూనిఫాంల పని వచ్చింది. బట్ట పెట్టుకోవడానికి మేడ మీది పాడుబడ్డ గది కావాలట. ప్రార్థన అయింది. ఈసారి కొత్త వస్తువు ఒక్కటీ కొనను.
వెళ్ళి చెప్పాను. చెల్లి మిషను ఆపకుండానే అడిగింది:
“పోయిన నెల పెట్టుకున్న ఒట్టేనా అక్కా?”
“అదే.”
“అయితే సరే. అదీ కొత్తది కాదుగా!”