తలుపవతల తోడు

గురజాల,
నవంబరు 12, 2025

సుకన్యకు,

మీ ఇంటిల్లిపాదీ బాగున్నారని తలుస్తాను. మేమూ బాగున్నామని రాయబోతే చెయ్యి ఆగింది. ఫోన్లో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను. డాక్టరువి కదా, నవ్వవనే ధైర్యం.

మా అత్తయ్య అంకమ్మకు విరేచనం పూర్తిగా అయినట్టుండదు. వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ వెళుతుంది. ఆ బాధకు తిండే తగ్గించేసింది. గట్టిగా అడిగితే, “సగంలో పోలేరమ్మ లేపతందే, ‘లెగండే, ఎవరో వస్తన్నారు’ అంటంది” అని చెప్పింది. పోలేరమ్మ ఆవిడ స్నేహితురాలు, పోయి ఏళ్ళయింది. అప్పట్లో పగలంతా మిరపచేలో బిగబట్టుకుని, మసక పడ్డాక ఆడవాళ్ళంతా దొడ్డికి ఊరవతల డొంకదారికి వెళ్ళేవాళ్ళట. బండి లైటు పడితే పోలేరమ్మ కేకేసేది, అందరూ సగంలోనే లేచి నిలబడేవాళ్ళు.

ఇక్కడి డాక్టరు అన్నీ చూశాడు. పీచు, నీళ్ళు తక్కువైనా, కాన్పుల్లో కండరాలు సాగినా, లోపల గడ్డ ఉన్నా ఇలాగే ఉంటుందట. అత్తయ్యకు గడ్డ లేదన్నాడు. వదలాల్సిన కండరం బిగుసుకుంటోందట, నెమ్మదిగా నేర్పితే వదులుతుందట. కండరానికి భయం గుర్తుంటుందా? ఏమో.

బాత్రూము తలుపవతల నిలబడి, “ఎవరూ రావట్లేదత్తయ్యా, కూర్చోండి” అనేదాన్ని. “నీ కాపలా ఏందే నాకు, పోయి పాఠాలు చెప్పుకో!” అని లోపల్నుంచే తిట్టేది. పని చేసింది. ఇప్పుడు గోంగూర మారు వడ్డించమంటోంది.

మొన్న ఆవిడ ఎడ్లపాడులో కూతురింటికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే, వీధి తలుపు గడియ పెట్టే ఉంది. బాత్రూములో ఉండగా తలుపవతల ముసలిగొంతు, “లెగవే, ఎవరో వస్తన్నారు” అంది. డొంక మొహం ఎరగని నేను దిగ్గున లేచి నిలబడ్డాను. ఎన్నడూ వినని గొంతు. ఎవరిదో తెలిసిపోయింది.

నీ
ప్రత్యూష

తా.క.: అత్తయ్య సంగతి అడ్డం పెట్టుకుని రాశాను. కొన్ని నెలలుగా నాకూ పూర్తిగా అయినట్టుండదు. రక్తం కూడా పడుతోంది. ఆ గొంతు నా భ్రమే అనుకుని, తేలిక పడదామని అత్తయ్యకు ఫోన్ చేశాను. ఆవిడ నవ్వలేదు. “పోలేరమ్మ ఊరికే ఎవర్నీ లేపలేదే. నిజంగా వస్తంటేనే కేకేసేది. నీ స్నేహితురాలు, ఆ డాక్టరు పిల్ల కాడికి పో” అంది.

సోమవారం నరసరావుపేట, నీ ఆసుపత్రికే వస్తున్నాను. పరీక్ష అయ్యేదాకా తలుపవతల నిలబడకు, సుకన్యా. లోపలే ఉండు.