ఎంగిలి దారం

జూన్ 4
గొంతులో గడ్డకు ఇవాళ్టి నుంచి రేడియేషన్. ఏడు వారాలట. మొహం మీద ప్లాస్టిక్ వల మాస్క్ వేసి టేబుల్‌కు బిగించేశారు. ఇంత టైట్ ఫిట్టింగ్ నేను జన్మలో ఎవరికీ కుట్టలేదు. పళ్లు కొరుక్కుని పడుకున్నాను. అక్కడి నుంచి నేరుగా షాపుకే వచ్చాను.

జూన్ 17, సాయంత్రం
నోట్లో తడి ఆరిపోయింది. సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

దర్జీ ఎవడైనా దారం కొస నాలిక మీద అద్ది, పెదాలతో లాగి, మొన చేసి ఎక్కిస్తాడు. చిన్నప్పటి నుంచీ నాదీ అదే పద్ధతి. ఇవాళ కొస నోట్లో పెడితే పెట్టినట్టే పొడిగా బయటికొచ్చింది. నీళ్లలో ముంచితే పోగులుగా విడిపోయింది. ఒక్క గుండీ కుట్టలేదు. సూదినీ, దారాన్నీ, డాక్టర్నీ కలిపి తిట్టాను.

జూన్ 18
డాక్టరమ్మను అడిగాను. లాలాజలం మళ్లీ ఊరడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాదు కూడా అంది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. నవ్వలేదు. మంచి మనిషి.

జూన్ 26
నోరంతా పుండ్లు. కాఫీ ఇనుప ముక్క నాకినట్టుంది. బరువు ఇలాగే తగ్గితే ముక్కులోంచి ట్యూబ్ వేస్తామని డైటీషియన్ బెదిరించింది. ముక్కు నాది, వెయ్యనివ్వను అన్నాను. నా భార్య మిక్సీలో తిప్పిందంతా ఏడుస్తూ తాగాను. గిన్నె ఖాళీ చేశాను.

జూలై 1
దారం తను ఎక్కిస్తానని నా భార్య షాపుకు వచ్చింది. పెళ్లైన కొత్తలో నా ఎంగిలి దారాలు చూసి మొహం చిట్లించుకున్న మనిషి. కొస నోట్లో పెట్టుకుని ఒక్క దెబ్బలో ఎక్కించింది. అలా గుప్పెడు సూదులు. ఎంగిలి కదటే అన్నాను. నోర్మూసుకుని కుట్టండి అంది.

కుడుతుంటే ఏడుపొచ్చింది. కన్నీళ్లకు మాత్రం ఏ లోటూ లేదు.

జూలై 9
మెడ కాలి తోలు ఊడుతోంది. ఊరందరి మెడలకూ కాలర్లు కుట్టినవాణ్ని, నా మెడ ఇప్పుడు కాలర్ తగలనివ్వడం లేదు. గొంతు కూడా పోయింది.

బావమరిది వచ్చాడు. ఎన్నాళ్లిలా లాక్కొస్తావు బావా, జిరాక్స్ మెషిన్ పెట్టుకోడానికి ఒకాయన గది వెతుకుతున్నాడు, షాపు ఆయనకు అద్దెకిచ్చి ఇంటిపట్టున ఉండు అన్నాడు. నా మీద ప్రేమతోనే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది. అరవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. నా భార్య తల దించుకుంది. అంటే ఆవిడ మనసులోనూ అదే ఉంది.

జూలై 10
ఇవ్వను.

జూలై 15
బావమరిది మాట పట్టుకుని జిరాక్స్ ఆయన టేపుతో సహా దిగాడు. మెషిన్ ఇక్కడ, కౌంటర్ అక్కడ అంటూ నా గోడలు కొలవడం మొదలుపెట్టాడు. తిడదామంటే గొంతు లేదు.

ఆయన ప్యాంటు చూశాను. వెనక జోలెలా వేలాడుతోంది. ఎవడు కుట్టాడో గానీ వాడికి సిగ్గుండాలి.

లేచి వెళ్లి నా టేపు ఆయన నడుం చుట్టూ వేశాను. ఇదేంటండీ మాస్టారూ అన్నాడు. చేతులెత్తమని సైగ చేశాను. ఎత్తాడు. టేపు వేస్తే ఎవరైనా ఎత్తాల్సిందే. గుమ్మంలో నా భార్య నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పోయేటప్పుడు ఆయన, అవతలి వీధిలో ఇంకో గది ఉందట, అది చూసుకుంటానన్నాడు.

జూలై 16
నడుము ముప్పై ఎనిమిది. పొడవు నలభై. కుడికాలు అరంగుళం పొట్టి, ఆయనకే తెలియదు. శనివారం ట్రయల్. ఇక్కడే.