అత్తయ్య సీట్లో కొబ్బరి మూట

రాజోలు,
జూన్ 20.

చిరంజీవి అక్షయకు,

చేతికున్న గ్రీజు తుడుచుకుని మరీ మీ మావయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం కులాసా. కారొక్కటే ఎడమవైపుకి ఈడుస్తోంది.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోనులో నువ్వు చెప్తుంటే అంతా అర్థమవుతుంది. తీరా కారు కిందకి దూరేసరికి ఒక్క ముక్కా గుర్తుండదు. ఉత్తరమైతే షెడ్డులో మేకుకి గుచ్చుకుని, చూసుకుంటూ చేసుకోవచ్చు. పందొమ్మిదేళ్ళు మస్కట్ గ్యారేజీలో పనిచేసినవాణ్ణి, ఇంజను విప్పి బిగించమంటే కళ్ళు మూసుకుని చేస్తాను. కానీ చక్రాలు సరిచేసే పనికి అక్కడ వేరే మనిషి, వేరే మిషను ఉండేవి. నువ్వేమో పుణెలో కార్ల కంపెనీలో అచ్చంగా ఆ పనే చేస్తున్నావు.

సంగతి ఏమిటంటే, పాత పెట్రోలు కారొకటి తీసుకుని, ముందు చక్రాలకి ఇంజను అలాగే ఉంచి, వెనక చక్రాలకి కరెంటు స్కూటర్ల మోటార్లు రెండు బిగించాను. బ్యాటరీలు డిక్కీలో ఉన్నాయి. ఊళ్ళో కరెంటు మీద, రోడ్డెక్కితే పెట్రోలు మీద నడుస్తుంది. బ్యాటరీల బరువుకి వెనక భాగం కుంగిపోతే నాలుగు పక్కలా కొత్త స్ప్రింగులు వేశాను. అప్పట్నించీ స్టీరింగు వదిలితే చాలు, కాలవ వైపే చూస్తోంది.

ఇదంతా మీ అత్త కోసమే. నిరుడు మెట్ల మీద జారిపడి నడుం దెబ్బతిన్నప్పుడు, కుదుపు తగలకూడదన్నాడు డాక్టరు. ఆటో లేదు, బస్సు లేదు. ఏడాదిగా గేటు దాటలేదు. మళ్ళీ నడిస్తే ఐనవిల్లి వస్తానని వినాయకుడికి మొక్కుకుంది. ఇప్పుడు నడుస్తోంది కానీ ఐనవిల్లి దాకా నడవలేదు కదా. చవితి లోపల తీసుకెళ్తానని మాటిచ్చాను. ముందర గ్లాసుడు నీళ్ళు పెడితే తొణక్కుండా చేరాలి. అప్పటిదాకా తనని కారెక్కనివ్వను. మొదటిసారే నడుం కలుక్కుమందంటే ఇక జన్మలో ఎక్కదు.

నీ ఉత్తరం కోసం మేకు కొట్టి ఉంచాను.

ఇట్లు,
మావయ్య సత్తిరాజు

తా.క. కారెలా ఉందని నువ్వడిగితే, "ఇంజను ముందర, మోటార్లు వెనకాల, మీ మావయ్య కింద" అని రాయమంది మీ అత్త.

•

పుణె,
జూన్ 28.

మావయ్యగారికి,

అక్షయ నమస్కారాలు. మీ ఉత్తరం మా సెక్షనులో అందరికీ చదివి, తెలుగు రానివాళ్ళకి హిందీలో చెప్పాను. మేం ఏడుగురం కూర్చుని ఏడాది చేసే పని మీరొక్కరే రేకుల షెడ్డులో చేశారంటే ఎవరూ నమ్మలేదు. మీరు పంపిన ఫొటో చూపించాక అందరూ దాని చుట్టూ మూగారు.

ఇక పని. కారుని మట్టమైన నేల మీద పెట్టండి. రెండు పక్కలా, చక్రం నడిమధ్య ఎత్తులో, కారు పొడవునా తిన్నగా దారం లాగి కట్టండి. దారం నుంచి రిమ్ము ముందంచుకి ఎంత, వెనకంచుకి ఎంత అని కొలవండి. ముందు చక్రాలు రెండూ ఒక్క మిల్లీమీటరు లోపలికి చూడాలి, అంతే. చక్రాల కింద రెండు నున్నటి పలకలు, మధ్యలో గ్రీజు పెట్టారంటే చక్రం పట్టేయకుండా తిరుగుతుంది. రోజూ పొద్దున్నే చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకి ఎత్తు రాసుకోండి. కొత్త స్ప్రింగులు కుదురుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది. ఆ ఎత్తు నిలిచిందాకా రోడ్డెక్కకండి.

అన్నిటికన్నా ముఖ్యం, కొలిచేటప్పుడు కారులో మనుషుల బరువు ఉండాలి. ఖాళీ కారుకి సరిచేస్తే మనుషులెక్కాక స్ప్రింగులు దిగి చక్రాల చూపు మారిపోతుంది. మీ సీట్లో మీ బరువు, అత్తయ్య సీట్లో అత్తయ్య బరువు పెట్టి కొలవండి.

ఉంటాను,
మీ అక్షయ

తా.క. అత్తయ్య బరువు మాత్రం అత్తయ్యని అడక్కండి. వేరే దారి చూసుకోండి.

•

రాజోలు,
జూలై 17.

చిరంజీవి అక్షయకు,

మేకుకి గుచ్చిన నీ ఉత్తరం నూనె మరకలతో మ్యాపులా తయారైంది. అయినా చదవడానికి వస్తోంది.

దారం బదులు గాలం తాడు కట్టాను. సాగదు, వానకి నానదు. పలకలకి వంటగట్టు పని చేసినప్పుడు మిగిలిన గ్రానైటు ముక్కలు పనికొచ్చాయి. నా సీట్లో డెబ్బై కిలోల ఇసుక బస్తాలు వేశాను. నువ్వు చెప్పినట్టే మీ అత్తని అడక్కుండా ఆసుపత్రి ఫైలు తీసి చీటీ చూశాను. డెబ్బై ఎనిమిది. కానీ తన సీట్లో ఇసుక వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఒలిచిన కొబ్బరికాయలు కాటా వేయించి, పెద్ద బస్తా సీట్లోనూ చిన్న సంచి కాళ్ళ దగ్గరా పెట్టి, బస్తాకి బెల్టు కూడా పెట్టాను. కారు చూడ్డానికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. "ఇది ఇంజను, ఇవి మోటార్లు, ఈవిడ మా అచ్చాయమ్మ" అని వరసగా చూపిస్తున్నాను. వచ్చినవాళ్ళకి మజ్జిగిచ్చి, వెళ్ళేటప్పుడు చేతిలో రెండు కొబ్బరికాయలు పెట్టి గానీ పంపదు మీ అత్త. మన వైపు మర్యాద నీకు తెలిసిందే కదా.

చక్రాలు నువ్వు చెప్పిన మిల్లీమీటరుకి వచ్చాయి. ఎత్తు రెండు పక్కలా 352. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను. తీరా ఇప్పుడు చూస్తే ముందు ఎడమ పక్క 354 ఉంది. చక్రం చూపూ మారింది. నేను చెయ్యి కూడా వెయ్యలేదు.

ఏం చెయ్యమంటావో రాయి.

ఇట్లు,
దిక్కుతోచని మావయ్య

తా.క. బస్తాకి బెల్టు పెట్టడం చూసి మీ అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. షెడ్డులో చాలా పని అయింది.

•

పుణె,
జూలై 23.

మావయ్యగారికి,

నమస్కారాలు. గాలం తాడు సంగతి చదివి ఉండబట్టలేక మా ల్యాబులో కట్టి చూశాను. మా పెద్ద మిషను చెప్పినదానికీ దానికీ అర మిల్లీమీటరు కూడా తేడా రాలేదు. మా మేనేజరు ఆ తాడు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. చేపల బజారులో అని చెప్పాను.

మీ ఎడమ పక్క సంగతి మాత్రం అంతుపట్టలేదు. కొత్త స్ప్రింగు కుంగితే కుంగుతుంది గానీ లేవదు. నాకు నేల మీద అనుమానం. మన మట్టి వానలకి మెత్తబడి కుడి పక్క దిగితే బరువంతా అటు ఒరుగుతుంది. తాపీ మేస్త్రీలు నీళ్ళ గొట్టంతో మట్టం చూస్తారు కదా, అలా చూపించండి.

ఉంటాను,
అక్షయ

తా.క. ముందు అత్తయ్యతో మాట్లాడండి. నేల సంగతి తరవాత.

•

రాజోలు,
ఆగస్టు 7.

చిరంజీవి అక్షయకు,

మీ మావయ్య నీరసంగా దీవించి రాస్తున్నది.

సాలమోను మేస్త్రిని పిలిచాను. గొట్టం పట్టి చూస్తే అర అంగుళం తేడా ఉంది. నేలంతా పగలగొట్టించి మళ్ళీ పోయించాను. ఇంత మట్టంగా తన సొంతింటికి కూడా పొయ్యలేదన్నాడు. కారు లోపల పెట్టి చూస్తే ఎడమ పక్క ఇంకా లేచింది. ఎడమ స్ప్రింగు కుడికి, కుడిది ఎడమకి మార్చాను. అయినా జబ్బు ఎడమవైపే ఉంది. బోల్టులన్నీ లెక్కపెట్టుకున్నాను, ఒక్కటీ పోలేదు. ఇప్పుడు మూడున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. రోజూ రాసిన కొలతలన్నీ ఇందులో పెడుతున్నాను.

నీ దగ్గర దాపరికం ఎందుకు, భయం వేస్తోంది అమ్మా. చవితి నెలరోజుల్లో పడింది. సాయంత్రాలు మీ అత్త పెరట్లో అటూ ఇటూ నడుస్తూ షెడ్డు వైపు ఓ చూపు చూసి వెళ్తుంది. ఎంతవరకు వచ్చిందని మాత్రం అడగదు. అడిగితే నాలుగు మాటలు చెప్పుకునేవాణ్ణి. పందొమ్మిదేళ్ళు ఎవరెవరివో కార్లు బాగుచేసి, ఇంట్లోదాన్ని ఐనవిల్లి తీసుకెళ్ళలేకపోయానన్న మాట నాకు మిగిలిపోతుందేమో.

ఇట్లు,
సత్తిరాజు

తా.క. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏదైనా కదుపుతున్నారేమోనని కారుకి తాళం వేశాను. భయం లేదు, తాళంచెవి మీ అత్త కొంగున భద్రంగా ఉంది.

•

పుణె,
ఆగస్టు 12.

మావయ్యగారికి,

నమస్కారాలు. మీరు బెంగ పెట్టుకోకండి. మీ కారులో ఏ లోపమూ లేదు. స్ప్రింగులు మార్చినా జబ్బు ఎడమవైపే ఉందంటే తప్పు స్ప్రింగుది కాదు, ఎడమ సీటుది. ఖాళీ కారుకీ, బస్తాలు వేసిన కారుకీ మీరు రాసిన ఎత్తుల ప్రకారం మిల్లీమీటరుకి మూడున్నర కిలోలు. అంటే ఆ సీట్లో సుమారు పన్నెండు కిలోలు తగ్గాయి. ఇంకోటి చూడండి, ఎత్తు మారినప్పుడల్లా మంగళవారం పొద్దున్నే మారింది. మిగతా ఆరు రోజులూ కదల్లేదు. అంటే జరిగేదేదో సోమవారం జరుగుతోంది.

స్టీలు స్కేలుతో, ఒక్కరోజు మానకుండా, నచ్చని అంకె వచ్చినా దిద్దకుండా రాసిన కొలతలివి. మావయ్యా, ఇంత నిజాయితీ అయిన కాగితం నేను మా ల్యాబులో కూడా చూడలేదు. ఇక్కణ్ణించి మీ షెడ్డులో కొబ్బరికాయలు లెక్కపెట్టగలిగానంటే అది మీ గొప్పే.

వచ్చే సోమవారం షెడ్డులో కనపడకుండా కూర్చోండి.

ఉంటాను,
మీ అక్షయ

తా.క. మీ కిందటి ఉత్తరంలో తా.క. మీరే మళ్ళీ ఒకసారి చదువుకోండి.

•

రాజోలు,
సెప్టెంబరు 5.

చిరంజీవి అక్షయకు,

మీ మావయ్య నిండు మనసుతో దీవించి రాస్తున్నది.

సోమవారాలు సామాన్లకి అమలాపురం వెళ్తాను కదా. ఆ సోమవారం వెళ్తున్నానని చెప్పి, పెరటిదారిన వచ్చి షెడ్డులో డ్రమ్ము వెనక కూర్చున్నాను. పదింటికి మన ఆశా వర్కరు మమత బరువు చూసే మిషను పట్టుకొచ్చింది. మీ అత్త దాని మీద నిలబడింది. మమత అంకె చెప్పింది. మీ అత్త కారు తాళం తీసి, బస్తా మూతి విప్పి, రెండు కాయలు తీసి మమత చేతిలో పెట్టింది. ఖాళీ కనపడకుండా కాస్త కొబ్బరి పీచు కుక్కి, మూతి కట్టి, బెల్టు పెట్టి మరీ తాళం వేసింది.

నేను లేచి నిలబడ్డాను. మమత మిషను అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. మీ అత్త బెదరలేదు.

"మీరు మూట కట్టింది పోయినేడాది అచ్చాయమ్మనండి," అంది. "నన్ను చూసి కట్టేరా, చీటీ చూసి కట్టేరా?"

నడుం మీద భారం తగ్గాలని డాక్టరు అన్నాడని, ఏడాదిగా రోజూ పెరట్లో నలభై చుట్లు తిరుగుతోందట. రాత్రిపూట అన్నం మానేసిందట. ఇప్పుడు అరవై నాలుగు. నేను షెడ్డు వైపు చూస్తోందనుకున్నది చుట్లు లెక్కపెట్టుకోవడమట. పద్నాలుగు కిలోల కాయలు ఒక్కసారి తీస్తే నేను పట్టుకుంటానని, సోమవారం సోమవారం కాసిని కాసిని తీసి, వచ్చినవాళ్ళకి అవే ఇచ్చిందట. కారు కింద పడుకుని మిల్లీమీటర్లు కొలిచినవాణ్ణి, కళ్ళెదుట మనిషిలో పద్నాలుగు కిలోలు తగ్గితే చూడలేదు. చాలా సిగ్గేసింది అక్షయా.

ముందే చెప్పచ్చు కదా అన్నాను. "ఊరందరికీ ఆ మూటే నేనని చూపించేటప్పుడు నన్నో మాట అడిగేరా?" అంది. ఆ తరవాత తనే బెల్టు విప్పి, "ఆ బస్తా, సంచీ దింపండి. కదలని బండిలో కూర్చుంటే నడుంకేమీ కాదు," అని కారెక్కి కూర్చుంది. చింతపండు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గింజలు తీస్తూ గంటన్నర కూర్చుంది. ఎత్తు చూస్తే 356. తను సరిచేసిన బస్తాకీ తనకీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిణ్ణి కూర్చోబెట్టే గాలం తాడు కట్టి చక్రాలు సరిచేశాను. నువ్వు, నేను, సాలమోను కలిసి చేసిన కొలతలన్నిటిలో సరైనది మీ అత్తదే.

రెండు వారాలు తాటిపాక రోడ్డు మీద నడిపి చూసుకుని, నిన్న బుధవారం ఐనవిల్లి వెళ్ళాం. గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి ముందర పెట్టాను. పి.గన్నవరం అక్విడెక్టు వంతెన మీద ఎవరూ లేని చోట స్టీరింగు మీంచి చేతులు ఒక్క క్షణం తీశాను. గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. మీ అత్త గోదావరి చూస్తూ కూర్చుంది. ఏడాదైంది కదా చూసి. బస్తాలో కాయలు పదకొండు పట్టుకెళ్ళి స్వామి దగ్గర కొట్టింది. రానూ పోనూ ఒక్క చుక్క తొణకలేదు. ఇది మీ కంపెనీలో అందరికీ చదివి వినిపించు.

ఇట్లు,
నీ సత్తిరాజు మావయ్య

తా.క. అమ్మా అక్షయా, ఇది నేను, అత్తయ్యని. కవరు నేనే అతికిస్తానని తీసుకున్నాను. నీళ్ళు ఎక్కడ తొణికి నా పట్టుచీర మీద పడతాయోనని గేటు దగ్గరే మూడు గుటకలు తాగేశాను. మీ మావయ్య చూడలేదు, చక్రాల వైపు చూస్తున్నారు. ఆయనకి చెప్పకు. నా నడుం మాత్రం రాజోలు నుంచి ఐనవిల్లి దాకా ఒక్కసారి కూడా కలుక్కుమనలేదు. ఆ మాట మీ కంపెనీలో చదువు.