ఆదిదంపతుల గడప

సస్కటూన్, ఏప్రిల్ 1

గౌరవనీయులైన జనార్ధనరావు అంకుల్‌కి నమస్కారం.

నేను నిఖిలను, ఇక్కడి తెలుగు విద్యార్థుల సంఘం కార్యదర్శిని. మీరు నా వాట్సాప్ మెసేజ్‌లు చూస్తున్నారు కానీ జవాబివ్వడం లేదు. అందుకే కాగితం పట్టాను. 1970లో మీరూ సుగుణ ఆంటీ కెనడా వచ్చి ఈ ఊళ్లో అద్దెకు దిగిన బేస్‌మెంట్ ఇల్లు దొరికింది. మే పదిన ఆ ఇంటి గోడకు ఇత్తడి ఫలకం పెడుతున్నాం: ‘ఈ నగరపు మొదటి తెలుగు దంపతులు నివసించిన ఇల్లు’. మీరిద్దరూ కాల్గరీ నుంచి వచ్చి ఆవిష్కరించాలి.

ఇట్లు,
నిఖిల

తా.క. ‘మొదటి’ బదులు ‘ఆద్యులు’ అంటే ఎలా ఉంటుంది? ఆ మాట నిన్ననే దొరికింది. వదలబుద్ధి కావడం లేదు.

కాల్గరీ, ఏప్రిల్ 7

చిరంజీవి నిఖిలకు ఆశీస్సులు.

ఫలకం వద్దమ్మా. ఆ గౌరవం మాకు చెందదు. బుద్ధిగా చదువుకోండి.

జనార్ధనరావు

తా.క. ‘ఆద్యులు’ అసలే వద్దు.

సస్కటూన్, ఏప్రిల్ 13

అంకుల్, నమస్కారం.

మీ మొహమాటం అర్థమైంది. మా అమ్మమ్మ ఇంట్లోనూ వద్దన్న విస్తట్లోనే రెండో గరిటె పడుతుంది. ఫలకం సైజు రెట్టింపు చేశాం. మీ ఫొటో కూడా చెక్కిస్తున్నాం.

మీ నిఖిల

తా.క. ‘ఆద్యులు’ మీకు నచ్చలేదు కాబట్టి ‘ఆదిదంపతులు’ అని మార్చాను.

కాల్గరీ, ఏప్రిల్ 18

నిఖిలా,

ఆదిదంపతులంటే పార్వతీపరమేశ్వరులు. ఆ మాట చదివినప్పటి నుంచి మీ ఆంటీ నన్ను చూసి నవ్వుతూనే ఉంది. నేను నిజంగానే వద్దంటున్నాను. కారణం అడగకు. ఫలకం పెడితే నేను రాను.

జ.రావు

తా.క. ఆ బేస్‌మెంట్‌లోకి మాత్రం ఎవరూ వెళ్లకండి.

సస్కటూన్, ఏప్రిల్ 23

అంకుల్,

మీ రెండో ‘వద్దు’ అందింది. కానీ రుజువు లేనిదే గోడకు మేకు కొట్టనివ్వనని ఇంటావిడ అంది. తప్పక బేస్‌మెంట్‌లోకి దిగాం. ఆవిడే తలుపు దగ్గర పాత కార్పెట్ ఎత్తింది. గడప మీద ఇంకా పసుపు! సుగుణ ఆంటీ చేతి పసుపని చెప్పగానే ఒప్పేసుకుంది. మే ఒకటి, శుక్రవారం అక్షరాలు చెక్కుతారు. ఆ తర్వాత మార్చడం కుదరదట.

నిఖిల

తా.క. మీ మూడో ‘వద్దు’ కోసం కొంచెం చోటు వదిలాం. అందులో మీ బిరుదులు వేస్తాం.

కాల్గరీ, ఏప్రిల్ 28

నిఖిలా,

ఇది కొరియర్‌లో పంపుతున్నాను. ముందు ఆ చెక్కే పని ఆపించు.

ఆ పసుపు సుగుణది కాదు. ఆ జనవరిలో సూట్‌కేసులతో మేం మెట్లు దిగేసరికే గడపకు పసుపూ బొట్లూ ఉన్నాయి. లోపల గోడకు తెలుగు క్యాలెండర్, డిసెంబరు దాకా తేదీలు కొట్టేసి ఉంది. సుగుణ ఆ చలిలో గడప పక్కనే కూలబడింది. “మనకంటే ముందు ఎవరో ఉన్నారండీ. వాళ్లు చలికాలం దాటారు. మనమూ దాటతాం,” అంది. ఓ జంట ఉండి వెళ్లిపోయారని అప్పటి ఇంటివాళ్లు చెప్పారు. పేరు వాళ్లకు నోరు తిరగలేదు. తర్వాత కార్పెట్ పరిచేశారు.

చాలా ఏళ్లకు ఓ ఉగాది సభలో నన్ను మీ ఊరికొచ్చిన మొదటి తెలుగువాడన్నారు. చప్పట్లు ఆగాక నిజం చెబుదామనుకున్నాను. ఈలోగా శాలువా కప్పేశారు. ఇప్పటికి పదిహేడు శాలువాలు. ఒక్కటీ మళ్లీ కప్పుకోలేదు.

ఫలకం పెట్టు. మా పేర్లూ ఫొటో తీసెయ్యి. ‘ఈ గడపకు మొదట పసుపు రాసిన ఇల్లాలికి’ అని చెక్కించు. మేం వస్తాం. సుగుణ పసుపు తెస్తుంది.

ఆశీస్సులతో,
జనార్ధనరావు (రెండోవాడు)

తా.క. శాలువా వద్దు. ఈ ‘వద్దు’ అసలుది. భోజనాల దగ్గర నేననే ‘వద్దు’ను మాత్రం నమ్మకు.