అడ్డగీత కింద సున్నాలు

గుమ్మఘట్ట, ఏప్రిల్ 3

మోటార్ల కంపెనీ అనంతపురం సర్వీసు ఆఫీసు మేడం హేమావతి గారికి, గుమ్మఘట్ట రైతు తిప్పేష్ నమస్కారం చేసి రాసేది.

ఫోన్ చేస్తే అన్నీ రాసి పంపమన్నారు, రాస్తున్నా. ఎనిమిది నెలల కింద కొన్న బోరు మోటారు మొన్న స్విచ్ వేస్తూనే కాలిపోయింది. గ్యారంటీ రెండేళ్లు. మోటారును ఈ పొద్దు మీ మెకానిక్‌కు అప్పగించినా. అరవై చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లు లేవు. కొత్త మోటారు తొందరగా ఇప్పించేది.

ఇట్లు, తిప్పేష్

తా.క.: మీకు రాస్తున్నట్టు చెట్లకు చెప్పలేదు. ఆశ పెట్టుకుంటాయని.

అనంతపురం, ఏప్రిల్ 11

గౌరవనీయులైన తిప్పేష్ గారికి,

మీ మోటారును పరీక్షించాం. కరెంటు ఇచ్చాక అది ఎంతసేపు నిలిచిందో మా యంత్రం గీసిన గ్రాఫ్ జతచేస్తున్నాం. కింద అడ్డగీత మీద ఉండేది కాలం. అక్కడ అంకెలు వేసిన నాలుగు చోట్లా 0.00 సెకన్లు అనే ఉంది. అంటే మీ మోటారు అసలు తిరగలేదు. తిరగని మోటారు కాలదు కాబట్టి మీ దరఖాస్తును తిరస్కరిస్తున్నాం.

భవదీయురాలు, హేమావతి

తా.క.: గ్రాఫ్ రంగుల్లో తీయించాం. జాగ్రత్తగా దాచుకోండి.

గుమ్మఘట్ట, ఏప్రిల్ 16

హేమావతి మేడం గారికి, తిప్పేష్ మళ్లీ నమస్కారం చేసి రాసేది.

మోటారు తిరగకుంటే ఎనిమిది నెలలు తోటకు నీళ్లు ఎట్లా వచ్చినాయి? నాలుగు సున్నాలూ ఒకటే అయితే గ్రాఫులో ఎర్ర గీత పైకి పోయి మళ్లీ కింద ఎట్లా పడింది? మీ ఇంజనీరును అడిగి చెప్పండి. నాకు కోపం వస్తా ఉంది.

ఇట్లు, తిప్పేష్

తా.క.: మా ఓబమ్మత్త గ్రాఫును గోడకు అంటించి, ఈ సున్నాలు ఎవరి మార్కులని అడిగింది. మీవని చెప్పినా.

అనంతపురం, ఏప్రిల్ 25

తిప్పేష్ గారికి,

ఇంజనీరు గారు సెలవులో ఉన్నారు. మేమే అంకెల పద్ధతి మార్చి గ్రాఫ్ మళ్లీ తీశాం. ఇప్పుడు 10, 20, 30, 40 అని స్పష్టంగా వచ్చింది. మా ఫారంలో కాలం రాసే గడి సంవత్సరాలది. కనుక మీ మోటారు నలభై ఏళ్లు పనిచేసినట్టు నమోదు చేశాం. గ్యారంటీ దాటిపోయింది. దరఖాస్తును మళ్లీ తిరస్కరిస్తున్నాం.

భవదీయురాలు, హేమావతి

తా.క.: మా మోటారు ఇంతకాలం నడిచినందుకు మేనేజరు గారు సంతోషించారు. ఆఫీసులో పెట్టడానికి మీ ఫొటో ఒకటి పంపండి.

గుమ్మఘట్ట, ఏప్రిల్ 30

మేడం గారికి, తిప్పేష్ రాసేది.

నాకు ముప్పై ఆరు. నేను పుట్టక ముందు నాలుగేళ్లు ఈ మోటారుకు స్విచ్ ఎవరు వేసినారు? అప్పటికి మా చేనికి కరెంటే రాలేదు. ఇంటిల్లిపాదీ బిందెలతో మోసి చెట్లకు పోస్తున్నాము. పదకొండు చెట్లు ఆకు రాల్చేసినాయి.

ఇట్లు, తిప్పేష్

తా.క.: ఫొటో పంపినా. అందులో ఎండిపోయింది చెట్టు. పక్కన నిలబడింది నేను.

అనంతపురం, మే 9

తిప్పేష్ గారికి,

క్షమించండి. ఇంజనీరు చంద్రమోహన్ గారు సెలవు నుంచి వచ్చి వివరించారు. సెకనును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం మైక్రోసెకను అట. మా పరీక్షలో మీ మోటారు నిలిచింది నలభై మైక్రోసెకన్లు. అంత చిన్న కాలాన్ని సెకన్లలో, చుక్క తర్వాత రెండే అంకెలతో రాస్తే 0.00 వస్తుంది. రెండోసారి అంకెలు సరిచేసి, మైక్రోసెకన్లు అని రాయడం మరిచాం. తయారీ లోపమే. కొత్త మోటారు పంపుతున్నాం.

భవదీయురాలు, హేమావతి

తా.క.: ఫిర్యాదు తీరడానికి పట్టిన కాలాన్ని గ్రాఫుగా గీసి, సంతకం చేసి పంపండి. ఆలస్యం చేయని ఆఫీసుకు బహుమతి ఉంది.

గుమ్మఘట్ట, మే 14

హేమావతి మేడం గారికి, తిప్పేష్ నమస్కారం చేసి రాసేది.

మోటారు ఈ పొద్దు వచ్చింది, నీళ్లు పడుతున్నాయి. మొత్తం నలభై ఒక్క రోజు పట్టింది. రోజుల్లో గీస్తే మీకు బహుమతి రాదని శతాబ్దాల్లో గీసినా. చుక్క తర్వాత రెండే అంకెలు పెట్టినా. అడ్డగీత కింద నాలుగు చోట్లా 0.00 వచ్చింది. మీరు ఆలస్యం చేయలేదు, నేను ఎదురు చూడలేదు. సంతకం పెట్టినా.

ఇట్లు, తిప్పేష్

తా.క.: ఎండిపోయిన ఆ పదకొండు చెట్లూ కొట్టి పొయ్యిలోకి వేసుకుంటున్నాము. వాటికి ఈ లెక్క చెప్పలేదు.