మూల బెంచీ మీద గోరువెచ్చని వాన

ఆదివారం మధ్యాహ్నం

దేవుని ప్రేమలో పాస్టరమ్మగారికి,

రొట్టెల బట్టీలో పిండి పిసికే అక్క వందనాలతో రాస్తున్నది. మీ ఎదురుగా నిలబడితే నాకు నోరు పెగలదు. అందుకే ఇది రాసి, గుమ్మం దగ్గరి ప్రార్థన విన్నపాల పెట్టెలో వేస్తున్నాను.

సంఘంలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పని అందుకోవాలని పాస్టరుగారు అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుని వదలడం లేదు. పాడదామంటే నా గొంతు గిన్నె తోమినట్టుంటుంది. పిల్లలకి పాఠం చెప్పేంత చదువు లేదు. ఇన్నాళ్ళూ ఆ కిటికీ పక్క మూల బెంచీ మీద కూర్చుని లేచి రావడమే తప్ప, దేవుడి ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టింది లేదు. ఊడ్చే పనైనా ఇప్పించండి. ఊరికే కూర్చోవడం ఇంక నా వల్ల కాదు.

ఇంకొకటి. ఆ మూల పైకప్పు కారుతోంది. ఆఖరి పాటకి లేచేసరికి ఒళ్ళో తడిగా ఉంటోంది.

ఇట్లు,
మూల బెంచీ అక్క

తా.క.: ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఎండకి పైన రేకు కాగుతోందేమో. వాన పడి ఎన్నాళ్ళయిందని మాత్రం నన్నడగకండి.

———

ప్రియమైన అక్కా,

మీ ఉత్తరం అందగానే వడ్రంగి బాబాయి పైకెక్కాడు. మందిరంలో తలుపు కిర్రుమన్నా, బెంచీ ఊగినా పైసా పుచ్చుకోకుండా బాగుచేసేది ఆయనే కదా. "చిల్లు కాదు కదా, గీత కూడా లేదు" అంటున్నాడు.

ఊడ్చే పనేమిటి అక్కా? మిమ్మల్ని ఆ మూల నుంచి కదిపితే నన్నెవరూ బతకనివ్వరు. అంతమంది మధ్య, కళ్ళు మూసుకుని, అంత నిశ్చింతగా ఆ పని చేసేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. ఇంటికొచ్చాక నేనూ పాస్టరుగారూ మీ గురించే చెప్పుకుంటాం.

త్వరలో ఒక ఆదివారం, ఏమీ ఆశించకుండా సంఘాన్ని మోస్తున్నవాళ్ళకి కృతజ్ఞత చెబుతున్నాం. వడ్రంగి బాబాయి, పాటలు నేర్పే టీచరమ్మ, వాళ్ళ పక్కన మీరు. అందరి ముందూ నిలబడాలి. తప్పించుకోవాలని చూడకండి.

ప్రేమతో,
మీ చెల్లెలు

తా.క.: పరీక్షకని బాబాయి పైకప్పు మీద బకెట్లతో నీళ్ళు పోశాడు. మీ మూలలో చుక్క పడలేదు. అటు పక్క గదిలో పాస్టరుగారి ప్రసంగం కాగితాలు తడిసి ముద్దయ్యాయి. అందుకే మొన్న అందరం అంత తొందరగా ఇళ్ళకి చేరాం. మళ్ళీ ఎప్పుడు పోస్తాడని కొందరు అడుగుతున్నారు.

———

పాస్టరమ్మగారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి చెవులు వేడెక్కాయి. అయితే మీరు చూశారన్నమాట. ఇంట్లో చెప్పుకుంటున్నారన్నమాట.

అవునమ్మా, నిద్రపోతున్నాను. శనివారం రాత్రంతా పిండి పిసికి, ఒంటికి పట్టిన బట్టీ వేడితోనే నేరుగా వస్తాను. కిటికీలోంచి ఎండ పాలమీగడలా వచ్చి ఒళ్ళో వాలుతుంది. పాస్టరుగారి గొంతు ఎక్కడో దూరంగా వాగులా పారుతుంది. ఇక నా చేతిలో ఏమీ లేదు.

ఎప్పుడూ ఒకటే కల. కొండలంత తెల్లటి పిండి, మెల్లగా ఊపిరి తీస్తూ పొంగుతుంటుంది. అందులోంచి ఒక చిన్న ముద్ద వచ్చి నా ఒళ్ళో పడుకుంటుంది. వెచ్చగా. నేను దాన్ని చేత్తో తడుతూ ఉంటాను. "పట్టుకో, లేపకు" అంటారెవరో. ఎవరని అడిగేలోగా ఆఖరి పాట వచ్చేస్తుంది.

నిద్రపోయినందుకు నలుగురిలో నిలబెట్టి బుద్ధి చెప్పాలంటే చెప్పండి. కానీ అంత తియ్యగా పిలవకుండా ఉండాల్సింది. ఇకనుంచి బయట వరండాలో, స్తంభం చాటున కూర్చుంటాను. అక్కడ కునుకు తీస్తే చూసేది దేవుడొక్కడే.

ఇట్లు,
ఏ పనీ లేని అక్క

తా.క.: ఒక్కోసారి ఆ ముద్ద తుమ్ముతుంది. ఈస్ట్ ఎక్కువైందనుకుంటాను.

———

అక్కా,

ముందు కూర్చోండి, తర్వాత చదవండి.

నిన్న మీరు లోపల కనబడలేదు; మీ ఉత్తరం నేను తెరిచింది ఆరాధన అయ్యాకే. ప్రసంగం మొదలవగానే టైలరుగారి చంటిది ఏడుపు అందుకుంది. దానికి తోడు ఇంకొకావిడ కవలలు. మనశ్శాంతి గురించి చెబుదామని నిలబడ్డ పాస్టరుగారు "శాంతి! శాంతి!" అని గొంతు చించుకున్నారు. బాబాయి ఒకణ్ణి ఎత్తుకుంటే వాడు ఆయన మీసం పట్టుకుని వదల్లేదు. "మూల బెంచీ అక్క ఏదీ?" అని తల్లులంతా నా మీద పడ్డారు.

మీకు తెలుసనుకున్నాం అక్కా! ఒకసారి టైలరు భార్య ఏడుస్తున్న చంటిదాన్ని మీ ఒళ్ళో ఆనించి, పక్కనే కూర్చుని బైబిలు వెతుక్కుంది. మీరు కళ్ళు మూసుకునే చెయ్యి వేసి జోకొట్టారు. అది ఇట్టే నిద్రపోయింది. అప్పటినుంచి తల్లులు వంతులు వేసుకున్నారు. వంతు వచ్చినావిడ మీ పక్కనే కూర్చుని, ఆఖరి పాటకి ముందు బిడ్డను తీసుకుంటుంది. బిడ్డల కోసం ప్రార్థిస్తున్నారనుకుని మిమ్మల్నెవరూ కదపలేదు.

"ఇది పుట్టాక మొదటిసారి ప్రసంగం చివరిదాకా విన్నానమ్మా" అని ఆ రోజు టైలరు భార్య కళ్ళు తుడుచుకుంది. తన ప్రసంగం అంత కదిలించిందా అని పాస్టరుగారు పొంగిపోయారు. నేనేం చెప్పను?

పని అడిగారు కదా. మీ పని మీకోసం ఏడుస్తోంది. లోపలికి రండి.

మీ చెల్లెలు

తా.క.: మీ ఒళ్ళో తడి పైనుంచి రాలేదు. బాబాయిని కిందికి దిగమని చెప్పాను.

———

పాస్టరమ్మగారికి,

కృతజ్ఞత ఆదివారం అందరి ముందూ నిలబడ్డాను. నా చేతుల్లో చంటిది లేస్తుందని మీరంతా చప్పుడు లేకుండా చేతులు గాల్లో ఊపారే, అది కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఏట్లో రెల్లు ఊగినట్టుంది.

ఒకటే చిక్కు. తెలిశాక నిద్ర పట్టడం లేదు. నేను బిగుసుకుంటే బిడ్డా బిగుసుకుంటోంది. పైగా కాగితాలు తడిసినప్పటినుంచి పాస్టరుగారు కాగితం లేకుండా మహా హుషారుగా మాట్లాడుతున్నారు. సంఘం మేలు కోరి ఆయన్ని మళ్ళీ కాగితం చూసి చదవమనండి.

ఇట్లు,
పనిలో ఉన్న అక్క

తా.క.: నిన్న మెలకువగానే ఉన్నాను. ఒళ్ళో ముద్ద తుమ్మింది. "నూరేళ్ళు" అన్నాను. అది కళ్ళు తెరిచి, నన్ను చూసి నవ్వి, వాన కురిపించింది.